ఏడ్వడం నేర్చుకున్న రేణుక

కనకమామిడిలో రేణుక గొంతు విన్నవాళ్ళు తక్కువ. కిరాణా కొట్టుకు వెళ్ళి ఆమె "పావుకిలో చక్కెర" అంటే, కొట్టాయన హన్మయ్య చెవి ముందుకు వంచి "పావుకిలో ఏంది?" అనేవాడు. ఆమె మళ్ళీ చెప్పేది. ఈసారి అతను ఆమె పెదవుల వంక చూసేవాడు. చివరికి ఆమె వేలితో చక్కెర బస్తా చూపించేది. ఇది ఇద్దరికీ అలవాటైపోయి, కొన్నాళ్ళకు ఆమె కొట్టు ముందు నిలబడి ఎటు చూస్తే అటున్న డబ్బా మీదికి హన్మయ్య చెయ్యి వెళ్ళేది. ఒకసారి పైన తిరుగుతున్న ఈగను చూసిందని అగరుబత్తీల కట్ట తీసి చేతిలో పెట్టాడు. వద్దని చెప్పాలంటే మళ్ళీ గొంతు కావాలి కదా, ఆమె ఊరుకుని తెచ్చుకుంది.

ఆమె భర్త తిరుపతి దీనికి పూర్తిగా ఎదురు. ట్రాలీ ఆటో నడిపేవాడు. చుట్టుపక్కల తోటల్లో చామంతులు, టమాటలు ఎక్కించుకుని చేవెళ్ల మార్కెట్‌కు తోలేవాడు. ఊళ్ళోకి ఆటో కన్నా ముందు అతని కేక వచ్చేది. ఇంట్లో ఇద్దరి మాటలూ అతనివే.

"ఏమే, బువ్వ అయ్యిందా? ఆ, అయ్యిందయ్యా. కూరేంది? బెండకాయ. అయ్యో, మల్ల బెండకాయనేనా? ఏం జెయ్యాలె, నువ్వే తెచ్చినవ్ గద!"

ఆమె వంతు కూడా సన్నని గొంతు పెట్టి తనే చెప్పి, దానికి తనే అలిగి, తనే సర్దుకుని కంచం ముందు కూర్చునేవాడు. రేణుక నవ్వుకుంటూ వడ్డించేది. పిల్లలు లేని ఇల్లు. అయినా నలుగురున్నంత చప్పుడు.

ఆ తిరుపతి కిందటేడు ఒక మధ్యాహ్నం ఛాతీలో మంటగా ఉందని పడుకుని, మళ్ళీ లేవలేదు.

మన ఊళ్ళల్లో చావింటికి చుట్టం రాగానే ఆ ఇంటి ఆడమనిషి ఎదురెళ్ళి మెడ పట్టుకోవాలి. ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి, రాగం తీసి, మాటలు పేర్చి ఏడ్వాలి. ఉట్టి కన్నీళ్ళు పనికిరావు. ఒకరు "నన్నిడిసి ఎట్ల పోతివి" అని మొదలుపెడితే, రెండోవాళ్ళు "ఎవలకప్పజెప్పి పోతివి" అని అందుకోవాలి. దుఃఖం తీరాక ముక్కు చీది, కొంగుతో మొహం తుడుచుకుని, "ఏ బస్సుకొచ్చిన్రు? చాయ తాగుతరా?" అని అడగాలి. బయటివాళ్ళు చూస్తే ఇదేం నాటకం అనుకుంటారు. నాటకం కాదు. ఏడుపుకూ చాయకూ మధ్యనే మనిషి కాస్త తేరుకునేది.

తిరుపతి అక్క కృష్ణమ్మ చేవెళ్లలో ఉంటుంది. ఇలా ఏడ్వడంలో ఆమెకు చుట్టుపక్కల పేరుంది. ఆమె శోకం పెడితే పోయినవాళ్ళ మంచితో పాటు ఉన్నవాళ్ళ బండారమంతా రాగంలో బయటికి వచ్చేది. దవాఖానకు చూడ్డానికి రాని తోడికోడలు, పొలం గట్టు జరిపిన పాలివాడు, ఓట్లప్పుడు దండం పెట్టి తర్వాత మొహం చాటేసిన నాయకుడు, ఎవరినీ వదలదు. ఆమె వస్తోందంటే కొందరు మగవాళ్ళు బీడీ కాల్చుకునే వంకతో పక్క సందులోకి నడిచేవాళ్ళు. తల్లి పోయిన తమ్ముణ్ణి సాకి పెద్దచేసిందీ, రేణుకను చూసి "గీ పిల్లనే కావాలె. మా తిరుపతికి పెండ్లాం కాదు, రెండు చెవులు కావాలె" అని సంబంధం కుదిర్చిందీ ఆమే.

తమ్ముడు పోయిన ఆ రోజు కృష్ణమ్మ వచ్చి రేణుక మెడ పట్టుకుంది. మొదటి మాట అందించి ఆగింది. రేణుక నోరు తెరిచింది గానీ గాలి తప్ప ఏమీ రాలేదు. కృష్ణమ్మ ఇంకో మాట అందించింది. మళ్ళీ గాలే. వాకిట్లో ఆడవాళ్ళంతా చూస్తున్నారు. కృష్ణమ్మ చేతులు జారవిడిచి వెనక్కి జరిగింది.

"నా తమ్ముడు దిక్కులేనోడా? పెండ్లాం నోట్లకెల్లి ఒక్క మాట రాకుంట సాగనంపుడా? కడుపుల దుఃఖముంటె గొంతు గిట్ల మూతవడ్తదా? ఇగ నీ గడప తొక్క!"

అన్నంత పనీ చేసింది. కర్మకాండలన్నీ వాకిట్లోనే నిలబడి చూసి వెళ్ళిపోయింది. తర్వాత రేణుక ఫోన్ చేసి "వదినె" అంటే, "ఎవలు? ఇనొస్తలేదు" అని పెట్టేసేది. నిజంగా వినపడలేదో, వినపడే అన్నదో రేణుకకు తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. తిరుపతి చిన్నప్పుడు ఎలా నవ్వేవాడో, దేనికి మంకుపట్టు పట్టేవాడో చెప్పగల మనిషి ఈ లోకంలో ఇక ఆమె ఒక్కతే.

బతకాలి కాబట్టి రేణుక ఊరి బయట ఫామ్‌హౌస్‌లో పనికి కుదిరింది. ఊడవడం, కడగడం, అడిగితే వండడం. ఆ జాగా ఒకప్పుడు తిరుపతి తండ్రి దున్నిన చేనే. చేతులు మారి మారి, గోడ లేచి, మధ్యలో ఈత కొట్టే నీళ్ళ తొట్టి వచ్చింది. వెనకాల పాత కోళ్ళ షెడ్డు మిగిలింది. చప్పుడు బయటికి పోకుండా గోడలకు ఖాళీ గుడ్ల అట్టలు అతికించి, ఫామ్‌హౌస్ వాళ్ళు దాన్ని కూడా శనివారాలు ఒక బ్యాండ్‌కు కిరాయికి ఇచ్చారు.

మొదటి శనివారం రేణుక బట్టలు ఆరేస్తోంది. షెడ్డు తలుపు ఉక్కకు బార్లా తీసి ఉంది. లోపలి నుంచి ఒక ఆడపిల్ల ఏదో మెల్లగా గొణిగినట్టు వినిపించింది. తర్వాత ఒక్క కేక. కడుపులో పేగులు మెలిపెట్టి పైకి లాగిన కేక. "ఎందుకమ్మినవ్ బాపూ!" అన్న మాట ఒక్కటే తెలిసింది. చెట్టు మీది కాకులు లేచిపోయాయి.

రేణుక చేతిలో బకెట్ కింద పెట్టేసింది. బాపును నిలదీసి అలా ఏడ్చిందంటే, అయ్యో, ఈ పిల్లకు తండ్రి పోయిన కబురు వచ్చింది. చావు కబురు విన్న ఇంట్లో పొయ్యి వెలిగించరు, పక్కింటివాళ్ళే బువ్వ తెచ్చి పెట్టాలి. ఇక్కడ పక్కిల్లు ఎవరిది? తనదే. గబగబా ఇంటికి నడిచి, ఉన్న అన్నమంతా గిన్నెకెత్తి, టమాట చారు టిఫిన్‌లో పోసి, అన్నీ బుట్టలో పెట్టుకుని తిరిగొచ్చింది. నేరుగా షెడ్డులోకి వెళ్ళి, మైకు పట్టుకున్న ఆ పిల్ల మెడ చుట్టూ చేతులు వేసి భుజం మీద తల వాల్చింది. మాటలు ఎలాగూ రావు. వీపు నిమిరింది.

డప్పుల ముందున్న గణేష్ కర్రలు పైకెత్తి అలాగే ఉండిపోయాడు. గిటారు పట్టుకున్న శాంసన్ నోరు తెరిచి చూస్తున్నాడు. మెడ పట్టుకోబడ్డ షారోన్ మాత్రం కదల్లేదు. కాసేపటికి తన తలను కూడా రేణుక భుజం మీద పెట్టింది. ఇంతవరకు ఎన్నోచోట్ల ఆ పాట పాడింది, చెవులు మూసుకున్నవాళ్ళున్నారు, ఫోన్లో పట్టుకున్నవాళ్ళున్నారు. దగ్గరికి తీసుకున్నవాళ్ళు లేరు.

రేణుక విడిపించుకుని గిన్నెల మూతలు తీసింది. పిల్లలు ఆకలి మీదున్నారేమో, కిరాయిలో భోజనం కూడా ఉందనుకుని కింద కూర్చుని లాగించేశారు. "అక్కా, చారు మస్తున్నది," అని శాంసన్ రెండోసారి పోయించుకున్నాడు. చావింట్లో ఇంత ఆకలేమిటా అని రేణుకకు అనుమానం వచ్చింది.

"ఎప్పుడు పోయిండు బిడ్డా, మీ బాపు?"

షారోన్‌కు వినపడలేదు. రెండోసారి అడిగితే ముద్ద నోట్లో పెట్టుకుంటూనే ఆగిపోయింది.

"మా బాపా? ఎక్కడికి పోయిండు? సురంగల్ ఊర్ల డ్యూటీల ఉన్నడు."

"మరి గట్ల ఏడ్సినవ్?"

"అది పాట అక్కా."

రేణుక గుడ్ల అట్టల వంక చూసింది. ఖాళీ అయిన తన గిన్నెల వంక చూసింది. "గిది పాటనా?" అంది. శాంసన్‌కు నవ్వు వచ్చి చారు ముక్కులోకి పోయింది.

షారోన్ చేవెళ్లలో ఒక చిన్న దవాఖానలో నర్సు. ఆదివారాలు చర్చిలో సన్నని తీగలాంటి గొంతుతో పాడుతుంది, ముసలమ్మలు కళ్ళు తుడుచుకుంటారు. శనివారాలు ఇదీ. రెండు గొంతులూ ఒక్క మనిషివే అంటే వాళ్ళ చర్చి వాళ్ళు నమ్మరు.

"దీన్ని ఈమో అంటరక్కా," అని చెప్పింది. "లోపల దెబ్బ తాకితే తాకిందని దాచకుంట పబ్లిక్‌ల చెప్పుడు. దాంట్ల కోపం గూడ కలిస్తే పోస్ట్ హార్డ్‌కోర్. ముందుగాల పక్క మనిషికి చెప్పినట్టు మెల్లగ చెప్తం. చెప్పంగ చెప్పంగ పట్టలేక పగుల్తది. అప్పుడు కేక. గీ కేక నేను నేర్చుకున్నదే, పుట్టుకతోని రాలే."

"ఏడుపా, తిట్లా?"

"రెండు గలిపి. మా బాపు స్వామిదాసు భూమి అమ్మిండు. ఇప్పుడు ఆ భూమికే వాచ్‌మన్. కార్లొస్తే ఆయన దున్నిన మట్టి మీద నిలబడి సెల్యూట్ కొడ్తడు. అది జూసి నాకు ఏడుపొస్తది, కోపమొస్తది. ఏది ముందొస్తదో నాకే తెల్వది."

రేణుక ఖాళీ గిన్నెలు బుట్టలో సర్దుకుంది. ఇది కృష్ణమ్మ వదినె పని కదా, ఈ పిల్లలు కరెంటు తీగలు కలిపి చేస్తున్నారంతే, అనుకుంది. తర్వాత ఇంకో సంగతి మనసులో మెదిలింది. కృష్ణమ్మది పుట్టుకతో వచ్చిన గొంతు. షారోన్ మాత్రం నేర్చుకున్నానంటోంది. అంటే ఇది నేర్పే విద్యే.

వారం తిరగకముందే చేవెళ్ల నుంచి సరుకు తెచ్చిన హన్మయ్య, సరుకుతో పాటు కబురు కూడా తెచ్చాడు.

"రేణుకా, మీ ఆడబిడ్డ కలిసింది. తమ్ముని ఏడాదికి వస్తదట. వాకిట్ల నిలవడి కాకికి ముద్ద వెట్టి పోతదట. ఇంట్లకు రాదట, మంచినీళ్ళు గూడ ముట్టదట. గట్లనే చెప్పమన్నది, నన్ననకు."

సంవత్సరీకం దాటితే కృష్ణమ్మ ఈ ఊరు రావడానికి ఇక పనే ఉండదు. ఆ రోజు గడప దాటి లోపలికి వస్తే వచ్చినట్టు, లేకపోతే తిరుపతితో పాటు ఆ బంధం కూడా మట్టిలో కలిసినట్టే.

శనివారం ఆమె షారోన్ ముందు నిలబడింది. "నాకు ఏడ్సుడు నేర్పిస్తవా?"

షారోన్ ఈసారి మొదటిసారికే విన్నది. నవ్వలేదు కూడా. గణేష్ నవ్వబోతే డప్పు కర్ర లాక్కుంది.

చదువు మొదలైంది. ముందు పెదవులు కలిపి గుర్రం తుమ్మినట్టు బుర్రుమనాలి. తర్వాత నోరు మూసుకుని తేనెటీగలా జుమ్మనాలి. ఐసు నీళ్ళు బంద్, వేడినీళ్ళే తాగాలి. "గొంతు బిగవట్టొద్దక్కా, చినుగుతది. గొంతు వదులు, కడుపు బిగువు. గాలి ఇక్కడికెల్లి రావాలె," అని షారోన్ ఆమె పొట్ట మీద అరచెయ్యి పెట్టేది. రేణుక గాలి పీల్చేది, కళ్ళు పెద్దవి చేసేది, సకల బలమూ కూడదీసుకునేది. పిల్లి పిల్ల మూలిగినంత చప్పుడు వచ్చేది.

"సూపర్!" అనేవాడు శాంసన్, మర్యాదకు.

ఇంట్లో చేస్తే ఇరుగుపొరుగు వింటారని, ఫామ్‌హౌస్ బోరు మోటారు నడిచేటప్పుడు పక్కనే నిలబడి సాధన చేసేది. మోటారు మోతలో తన గొంతు తనకే వినిపించేది కాదు. అయినా ఓ రోజు గేటు కుక్క లేచి దూరంగా వెళ్ళి పడుకుంది. అది ఆమెకు దక్కిన మొదటి మెప్పు. హన్మయ్య కొట్టు ముందు ఆగి బుర్రుమని పెదవులాడిస్తుంటే అతను అన్ని డబ్బాలూ తడుముకుని, ఏది ఇవ్వాలో తేల్చుకోలేక సోంపు పొట్లం ఇచ్చాడు. "మీ ఫామ్‌హౌస్‌ల బ్యాండోళ్ళు దిగిన్రట గద. మా అన్న మనమని పెండ్లి బరాత్‌కు వస్తరా?" అని కూడా అడిగాడు. వాళ్ళు వస్తే పెళ్ళికూతురు పుట్టింటికి పారిపోతుందని రేణుక చెప్పాలనుకుంది. ఆ పొడుగు మాట ఆమె గొంతుకు బరువెక్కువ.

మాటలు కూడా కావాలి కదా. రేణుక ఊళ్ళో వినే శోకాల నుంచి మంచి మంచివి ఏరుకుంది. నా రాజా, నా సూర్యుడా, నా ఇంటి దూలమా. వంట చేస్తూ వల్లె వేసుకుంది. షారోన్‌కు వినిపిస్తే ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నీ ఆయనను నువ్వెప్పుడన్న దూలమన్నవా?"

"లే."

"మరి? మా పాటలల్ల గదే రూల్ అక్కా. నిజంగ గుచ్చుకున్నదే చెప్పాలె. సిగ్గయినా సరే. ఏం గుచ్చుకున్నది నీకు?"

రేణుక పెదవులు కదిలాయి. ఆగిపోయాయి. "చెప్పరాదు," అని లేచి చీపురు తీసుకుంది.

సంవత్సరీకం రోజు వాకిలి అలికి ముగ్గు పెట్టింది. అన్నం, పప్పు, గారెలు వండింది. వీధివాళ్ళు వచ్చి అరుగుల మీద సర్దుకున్నారు. వాళ్ళు వచ్చింది తిరుపతి కోసం సగం, కృష్ణమ్మ ఏం చేస్తుందో చూడ్డానికి సగం. ఎండ బాగా ఎక్కిన తర్వాత కృష్ణమ్మ ఆటో దిగింది. సంచీ భుజం నుంచి దించలేదు. విస్తరాకులో ముద్ద పెట్టి గోడ మీద ఉంచింది, కాకి వచ్చి తీసుకుపోయింది. ఆమె కళ్ళు నిండాయి. అంతలో రేణుక వెళ్ళి ఎదురుగా నిలబడింది. వదినె మెడ పట్టుకోవడం తన వంతు. పట్టుకుంది.

కృష్ణమ్మ ఒళ్ళు కొయ్యలా బిగుసుకుంది. అయినా అలవాటైన గొంతు ఊరుకోదు కదా, రాగం లేచింది.

"ఓ నా తమ్మీ... ఏడాదాయె నా తిరుపతీ... నీకు వండి వెట్టెటోళ్ళున్నరు, నీ పేరు వెట్టి ఏడ్సెటోళ్ళు లేకపాయె నా తండ్రీ..."

ఆగింది. పోయినసారి ఆగినట్టే.

రేణుక నా రాజా అనబోయింది. రాలేదు. సూర్యుడా కూడా రాలేదు. దూలం అసలే రాలేదు. ఏరి పెట్టుకున్న మాటలన్నీ కట్టగట్టుకుని ఎటో పోయాయి. కడుపు ఒక్కటే బిగుసుకుంది.

"సోడ తాగినవ్," అంది మెల్లగా.

అరుగుల మీదివాళ్ళు ముందుకు వంగారు.

"గుండెల మంట అంటివి. సోడ తాగినవ్." ఇంకా మెల్లగా. "దవాఖానకు పోదామన్న. నువ్విన్లే. మల్ల అన్న. నువ్విన్లే."

అప్పుడు పగిలింది.

"ఇంటివా ఎన్నడన్న! నా మాట గూడ నువ్వే మాట్లాడితివి! 'ఏమే, దవాఖానకు పోదామా? వద్దులే అయ్యా, గ్యాసు, సోడ తాగు' అని నా గొంతు వెట్టి నువ్వే అంటివి! నేన్ గట్లన్ననా! నేనన్ననా గట్ల! నేను పోదామంటి గద! చామంతులు వాడిపోతయని లోడు దించి వస్తివి! నువ్వు వాడిపోతే ఎట్లనయ్యా! మీ అయ్య దున్నిన చేన్ల నేను ఎవలో కాళ్ళు కడుక్కునే తొట్టి కడుగుతున్న! ఎవలో తాగిన సీసాలెత్తుతున్న! ఎవలకు జెప్పాలె! నాకు గొంతు లేకపాయె, ఉన్న గొంతు నువ్వే పట్కపోతివి!"

అది రాగం కాదు. బోరు మోటారుకు మట్టి అడ్డం పడ్డట్టు గరగరమని, చిరిగి, మళ్ళీ లేచి, వీధి చివరి దాకా వెళ్ళింది. కోళ్ళు గంప కిందికి దూరాయి. కొట్టులో ఉన్న హన్మయ్య, ఇది ఎవరి గొంతో తెలియక, చేతిలో తూకం రాయితోనే పరిగెత్తుకొచ్చాడు. చూసి, అది రేణుక నోరేనని పోల్చుకుని, రాయి పక్కవాడి చేతిలో పెట్టి కింద కూర్చున్నాడు.

కృష్ణమ్మ నోరు తెరుచుకునే ఉంది. అందుకోవాల్సిన వంతు ఆమెది. ఎన్నో చావులకు వెళ్ళిన మనిషి, తన వంతు తప్పడం ఇదే మొదలు. రేణుకకు కన్నీళ్ళు ఇప్పుడు, ఇన్నాళ్ళకు, ఆగకుండా వస్తున్నాయి.

"సోడ తాగిండా వాడు?" అని మామూలు గొంతుతో అడిగింది కృష్ణమ్మ.

రేణుక తలూపింది.

"నువ్వు దవాఖాన అన్నవా?"

మళ్ళీ ఊపింది.

కృష్ణమ్మ సంచీ జారి కింద పడింది. రేణుకను రెండు చేతులా దగ్గరికి లాక్కుంది, మెడ కాదు, మొత్తం మనిషిని. ఈసారి ఆమె రాగంలో తమ్ముడు బంగారం కాలేదు.

"ఓరి నీ నోరు పాడుగాను తమ్మీ! చిన్నప్పుడు గూడ గిట్లనే జేస్తివి గదరా! జరమొచ్చి మందు తాగుమంటె 'అక్కా, తగ్గిందా? ఆ, తగ్గిందిరా' అని నా మాట నువ్వే అంటివి గదరా! నన్ను ఒక్కసారన్న మాట్లాడనిచ్చినవా!"

"నన్నిచ్చినవా!" అని రేణుక అందుకుంది, అదే చిరిగిన గొంతుతో.

"గీ పిల్లనన్న మాట్లాడనిచ్చినవా!"

ఇద్దరూ కలిసి తిరుపతిని తిట్టి తిట్టి ఏడ్చారు. సోడాను తిట్టారు, చామంతులను తిట్టారు, లోడు రేపు తెస్తే ఒప్పుకోని షావుకారును తిట్టారు, చేనును గజాల్లో కొలిచినవాళ్ళను తిట్టారు. మధ్యలో తిరుపతి సన్న గొంతు పెట్టి మాట్లాడే తీరు కృష్ణమ్మ చేసి చూపిస్తే, ఏడుపులోంచే ఇద్దరికీ నవ్వు తోసుకొచ్చింది. అరుగుల మీదివాళ్ళకు ఏడ్వాలో నవ్వాలో తేలక అటూ ఇటూ చూశారు.

చివరికి కృష్ణమ్మ ముక్కు చీది, కొంగుతో ముందు మరదలి మొహం తుడిచి, తర్వాత తనది తుడుచుకుంది. జనం వైపు తిరిగింది.

"ఏం జూస్తున్రు? అయిపోయింది, పోన్రి!"

సంచీ ఎత్తి చంకన పెట్టుకుంది. ఒక్క క్షణం గడప ముందు ఆగింది. కొంచెం వంగి, కుడికాలు లోపల పెట్టి, నేరుగా నడింట్లోకి వెళ్ళి సంచీ కొయ్యకు తగిలించింది. "చాప ఎయ్యి పిల్లా. నడుం వట్టింది. ఎల్లుండి దాంక లేవ నేను," అంది.

"వదినె, ముందుగాల బువ్వ తిను!" అంది రేణుక వాకిట్లోంచి.

"మెల్లగ జెప్పవే," అంది కృష్ణమ్మ చెవి రుద్దుకుంటూ, "నాకేమన్న చెవుడా?"